మొదటి పరీక్ష ఎవరికి?

పెళ్లయి ఆరు నెలలు తిరక్కుండానే మొదలవుతుంది. "ఏమ్మా, విశేషమేమైనా ఉందా?" పేరంటంలో కాళ్లకు పసుపు రాస్తూ ఒకరు, బస్టాండులో ఎదురుపడి మరొకరు, ఫోన్లో మేనత్త ఇంకోసారి. ఏడాది దాటితే ఆ ప్రశ్న కాస్తా సలహా అవుతుంది. "ఫలానా డాక్టరమ్మ హస్తవాసి మంచిదట, ఒకసారి చూపించుకోరాదూ!" ఆ సలహా ఎప్పుడూ అమ్మాయికే. అబ్బాయిని పక్కకు పిలిచి "నువ్వూ ఒకసారి చూపించుకోరా నాయనా" అన్న పెద్దల్ని మనం ఎంతమందిని చూశాం?

అక్కడినుంచి ఒక ఫైలు తయారవుతుంది. పై అట్టమీద పేరు ఆవిడది. లోపల స్కానింగులు, రక్తపరీక్షలు, హార్మోన్ల రిపోర్టులు, ట్యూబుల ఎక్స్‌రే, కొందరికి డి అండ్ సి, ఇంకొందరికి ల్యాప్రోస్కోపీ కూడా. ఏళ్లు గడిచేకొద్దీ ఫైలు లావెక్కుతుంది, పుట్టింటి బ్యాంకు పుస్తకం చిక్కిపోతుంది. ఆ ఫైలునంతా తిరగేస్తే చాలా ఇళ్లల్లో కనిపించని కాగితం ఒక్కటే. అది భర్త వీర్య పరీక్ష రిపోర్టు. అన్నిటికంటే సులువైనది, అన్నిటికంటే చవకైనది, సూది గుచ్చుకోనిది, కోత లేనిది ఆ పరీక్షే. అదే అన్నిటికంటే చివర్న జరుగుతోంది. కొన్ని ఇళ్లల్లో అసలు జరగడమే లేదు.

ఈ వరుస తిరగబడాలి. ఈ వారం మనం చెప్పుకోవాల్సిన మాట ఇదొక్కటే.

తప్పు ఎవరిదన్నది కాదు ప్రశ్న

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఇచ్చిన లెక్క ప్రకారం ప్రపంచంలో దాదాపు ఆరుగురిలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు సంతానలేమిని ఎదుర్కొంటున్నారు. అంటే ఇది ఏ ఒక్క ఇంటి శాపమో, జాతక దోషమో కాదు. మామూలు జనంలో మామూలుగా కనిపించే ఆరోగ్య సమస్య. ఇలాంటి జంటల్లో దాదాపు సగం మందిలో మగవారి వైపు కారణం ఉంటుంది. కొందరిలో అది ఒక్కటే కారణం, మరికొందరిలో ఇద్దరి కారణాలూ కలుస్తాయి. పరీక్షలన్నీ సవ్యంగా ఉండి కూడా కారణం దొరకని జంటలూ ఉంటారు.

కారణం సగానికి సగం అటువైపు ఉన్నప్పుడు వెతుకులాట మొత్తం ఇటువైపే సాగితే ఏమవుతుంది? తాళంచెవి వసారాలో పారేసుకుని వంటింట్లో వెతికినట్టవుతుంది!

మరి ఎందుకిలా జరుగుతోంది? మొదటిది మన మాటల్లోనే ఉంది. 'గొడ్రాలు' అనే మాట మన భాషలో ఉంది. అదే అర్థంలో మగవాణ్ణి పిలవడానికి నలుగురి నోళ్లలో నానే మాట ఒక్కటి చెప్పండి చూద్దాం! రెండోది, వీర్య కణాల సంఖ్యకూ మగతనానికీ ముడిపెట్టడం. ఈ రెంటికీ సంబంధం లేదు. దాంపత్యంలో ఏ లోటూ లేని ఆరోగ్యవంతుడికి కూడా కణాలు తక్కువ ఉండొచ్చు, అసలు లేకపోనూ వచ్చు. చూసి చెప్పగలిగేది మైక్రోస్కోపు మాత్రమే. మూడోది, మనం వెళ్లేది ఆడవాళ్ల డాక్టరు దగ్గరికి. అక్కడ పేషెంటు అంటే ఆవిడే. ఆయన బయట బెంచీమీద కూర్చుని బిల్లు కడతాడు, లేదా అసలు రాడు, అత్తగారో తల్లో తోడొస్తారు. లోపల ఎవరుంటే పరీక్షలు వాళ్లకే రాస్తారు కదా!

పురాణాలు చెప్పుకునే పెద్దలు ఒక సంగతి గుర్తుచేసుకోవాలి. దశరథుడికి ముగ్గురు రాణులున్నా సంతానం కలగనప్పుడు యాగదీక్ష వహించింది ఆయనే. పాండురాజైతే శాపం తనదేనని భార్యలకు తన నోటితోనే చెప్పుకున్నాడు. రాజులకు లేని నామోషీ మన అబ్బాయిలకు ఎందుకో!

ఆ పరీక్షలో ఏముంది?

రెండు నుంచి ఏడు రోజులు కలయిక లేకుండా ఉండి, ల్యాబులో ఇచ్చే శుభ్రమైన డబ్బాలో శాంపిల్ ఇవ్వాలి. ల్యాబులోనే ఇస్తే మంచిది. ఇంట్లో తీసుకుంటే గంటలోపు అందజేయాలి, దారిలో ఎండా చలీ తగలకుండా చూసుకోవాలి. అంతే సంగతి. ఖర్చు మామూలుగా వందల్లోనే అయిపోతుంది.

వీర్యం ఎంత ఉంది, కణాలెన్ని, వాటిలో చురుగ్గా కదిలేవెన్ని, ఆకారం ఎలా ఉంది అన్నవి రిపోర్టులో ఉంటాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో వెలువరించిన ఆరో ముద్రణ ప్రకారం మిల్లీలీటరుకు కోటీ అరవై లక్షల కణాలు అన్నది అడుగు గీత. దానికంటే తక్కువ వచ్చినంత మాత్రాన పిల్లలు పుట్టరని కాదు, ఎక్కువ వచ్చినంత మాత్రాన పుట్టి తీరతారనీ కాదు. ఒక్క రిపోర్టుతో తీర్పు చెప్పకూడదు. జ్వరమొచ్చి తగ్గినా కొంతకాలం కణాలు పడిపోతాయి. ఒక కణం తయారవడానికి రెండున్నర నెలల దాకా పడుతుంది. అందుకే తేడా వస్తే కొన్ని వారాలు ఆగి మళ్లీ చేయిస్తారు. రెండోసారీ అలాగే ఉంటే యూరాలజిస్టునో ఆండ్రాలజిస్టునో కలవాలి.

కారణాలు కూడా చాలావరకు మాట్లాడుకుంటే బయటపడేవే. వృషణాల దగ్గర సిరలు ఉబ్బడం, యుక్తవయసు వచ్చాక గవదబిళ్లలు వచ్చి వృషణాలు వాచడం, పొగతాగడం, ఇలాంటివి. ఈమధ్య మరొకటి చేరింది. కండలు పెంచుకోవడానికి జిమ్ముల్లో కుర్రాళ్లు వేయించుకునే టెస్టోస్టిరాన్, స్టెరాయిడ్ ఇంజెక్షన్లు వీర్యకణాల తయారీని బాగా తగ్గించేస్తాయి, కొందరిలో ఆపేస్తాయి కూడా. పైకి కండలు, లోపల ఖాళీ! పెళ్లిచూపుల్లో ఇది అడిగేవాళ్లెవరు?

ఇంకో ముఖ్యమైన సంగతి. ఆయనకు కణాలే లేవని తేలితే వైద్యం దారే మారిపోతుంది. అప్పుడు ఆవిడకు చేయించాల్సినవేమిటో, అక్కర్లేనివేమిటో కూడా మారతాయి. అంటే ఆయన పరీక్ష ముందు జరిగితే ఆవిడకు కొన్ని పరీక్షలు, వాటి నొప్పి, వాటి ఖర్చు తప్పవచ్చు.

ఎప్పుడు వెళ్లాలి? ఏ వరుసలో?

ముందుగా డబ్బు ఖర్చులేని మాట. ఏ అడ్డూ పెట్టుకోకుండా ఏడాదిపాటు కలిసి కాపురం చేసినా నెల తప్పకపోతేనే డాక్టరు దగ్గరికి వెళ్లాలని లెక్క. భార్యకు 35 దాటితే ఆరు నెలలకే వెళ్లాలి. 40 దాటితే ఆగకుండా వెళ్లాలి. నెలసరి అస్తవ్యస్తంగా ఉన్నా, విపరీతమైన కడుపునొప్పి ఉన్నా, కటి భాగంలో ఆపరేషన్లు జరిగి ఉన్నా ఏడాది ఆగక్కర్లేదు. భార్య వయసు 40 లోపు ఉన్న జంటల్లో నూటికి 80 మందికి పైగా ఏడాదిలోపే గర్భం వస్తుంది. మిగిలినవారిలో దాదాపు సగం మందికి రెండో ఏడు వస్తుంది. కాబట్టి పెళ్లయిన ఆరో నెలకే పాతికేళ్ల అమ్మాయిని స్కానింగుకు లాక్కెళ్లడం తొందరపాటు. ముప్ఫై ఆరేళ్ల అమ్మాయిని "దేవుడిస్తాడులే" అని మరో రెండేళ్లు ఆపడం ఆలస్యం. రెండూ నష్టమే.

'కలిసి కాపురం' అన్నమాట దగ్గర ఒక్క క్షణం ఆగుదాం. కరీంనగర్, నిజామాబాద్ వైపు, కోనసీమ, కడప వైపు గల్ఫ్‌లో పనిచేసే భర్తలున్న ఇళ్లెన్నో ఉన్నాయి. పెళ్లయి మూడేళ్లు అంటారు గానీ కలిసున్నది మూడు నెలలు కూడా ఉండదు. మిగతా కాలమంతా ఆవిడను అత్తింట్లో దెప్పుతూ, ఊళ్లో గైనిక్ దగ్గరికి తిప్పుతూ ఉంటారు. ఇది అన్యాయం. లెక్కపెట్టాల్సింది పెళ్లయిన తేదీ నుంచి కాదు, కలిసున్న నెలలు. ఆయన సెలవుమీద వచ్చిన మొదటివారంలోనే వీర్య పరీక్ష చేయించుకుంటే తిరిగి విమానం ఎక్కేలోపు ఒక దారి తెలుస్తుంది. హైదరాబాద్, బెంగళూరుల్లో ఒకరిది పగటి షిఫ్టు, ఒకరిది రాత్రి షిఫ్టు అయిన సాఫ్ట్‌వేర్ జంటల పరిస్థితీ కొంచెం అటూ ఇటూగా ఇదే!

అండం విడుదలయ్యేది రాబోయే నెలసరికి సుమారు 14 రోజుల ముందు. వీర్యకణాలు లోపల ఐదు రోజుల దాకా బతకగలవు. కాబట్టి రెండు మూడు రోజులకోసారి కలుస్తుంటే క్యాలెండరు చూసుకోవాల్సిన పనేలేదు. ఈ నాలుగు ముక్కలు ఇంట్లో ఎవరూ చెప్పరు, బళ్లో సరిగ్గా చెప్పరు. చివరికి వందల రూపాయల ఫీజు కట్టి తెలుసుకోవాల్సి వస్తోంది.

ఇక డాక్టరు దగ్గరికి వెళ్లాక మొదటి మెట్టు మాట. ఇద్దర్నీ కూర్చోబెట్టి నెలసరి, పాత జబ్బులు, వాడుతున్న మందులు, అలవాట్లు అడిగి తెలుసుకోవడం. రెండో మెట్టు ఆయనకు వీర్య పరీక్ష, ఆవిడకు ఒక స్కానింగు, అవసరాన్నిబట్టి థైరాయిడ్, ప్రొలాక్టిన్ వంటి రక్తపరీక్షలు. అండం విడుదలవుతోందో లేదో చూసే ప్రొజెస్టిరాన్ పరీక్షను అందరికీ 21వ రోజే రాస్తుంటారు. అది 28 రోజుల నెలసరి వాళ్లకు సరిపోతుంది. 35 రోజులకోసారి వచ్చేవారికి 28వ రోజు చేయాలి. రోజు తప్పితే డబ్బు దండగ, పైగా లేని జబ్బు అంటగట్టినట్టు. మూడో మెట్టు ట్యూబులు తెరుచుకుని ఉన్నాయో లేదో చూసే ఎక్స్‌రే. నెలసరి ఆగాక, అండం విడుదలకు ముందు ఆ రోజుల్లో చేస్తారు. కడుపులో పట్టేసినట్టు నొప్పి వస్తుంది. ముందుగా నొప్పి మాత్ర అడగడంలో తప్పులేదు. దీని ఖర్చు వేలల్లోకి వెళ్తుంది. ల్యాప్రోస్కోపీ ఆఖరి మెట్టు. మత్తు, థియేటరు, గది అన్నీ కలిసి పదివేల్లో మాట. ప్రత్యేకమైన అనుమానం ఉన్నప్పుడే గానీ అందరికీ అక్కర్లేదు.

మన దేశంలో ఒకటి మాత్రం మర్చిపోకూడదు. గర్భసంచికి, ట్యూబులకు వచ్చే క్షయ. దగ్గు ఉండదు, చాలామందికి ఏ లక్షణమూ ఉండదు. అనుమానం ఉంటే గర్భసంచి లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి పరీక్షిస్తారు. అది ఎందుకు చేస్తున్నారో అడిగి తెలుసుకోండి. క్షయ అని తేలితే మందులు ప్రభుత్వమే ఉచితంగా ఇస్తుంది.

డబ్బు ఎక్కడ కారిపోతోంది?

మొదటి చిల్లు, చేసిన పరీక్షే మళ్లీ చేయించడం. ఊళ్లో ఒక డాక్టరు, జిల్లాకేంద్రంలో మరొకరు, ఆపైన విజయవాడో హైదరాబాదో. డాక్టరు మారిన ప్రతిసారీ "మా ల్యాబు రిపోర్టే కావాలి" అంటారు. కొన్ని పరీక్షలు కాలం గడిస్తే మళ్లీ చేయాల్సిందే, నిజమే. కానీ రెండు నెలల కిందటి ట్యూబుల ఎక్స్‌రే ఫిల్ము చేతిలో ఉండగా మళ్లీ ఎందుకో అడిగే హక్కు మీకుంది. అందుకే రిపోర్టులు, ఫిల్ములు, స్కాను బొమ్మలు అన్నీ తేదీలవారీగా మీ దగ్గరే ఉంచుకోండి.

రెండోది భయంతో చేయించే పరీక్ష. ఏఎంహెచ్ అని ఒక రక్తపరీక్ష ఉంది. అండాశయంలో ఇంకా ఎన్ని అండాలున్నాయో దాదాపుగా చెబుతుంది. ఐవీఎఫ్ మందుల మోతాదు నిర్ణయించడానికి పనికొస్తుంది. అండాలు మంచివా కావా, మామూలుగా గర్భం వస్తుందా రాదా అన్నది మాత్రం అది చెప్పలేదు. "మీ ఏఎంహెచ్ పడిపోయింది, ఈ నెలే ఐవీఎఫ్ చేయించుకోకపోతే ఇక అంతే" అన్న మాట విని పుస్తెలతాడు తాకట్టు పెట్టే ముందు మరో డాక్టరు అభిప్రాయం తీసుకోండి.

మూడోది ప్యాకేజీలు. నలభై పరీక్షలు కలిపి ఇంత తక్కువకేనంటే చీరల ఆడిత్యం గుర్తుకొస్తుంది. అక్కర్లేనిది సగం ధరకొచ్చినా ఖర్చే. డాక్టరు పేషెంట్లను పంపినందుకు ల్యాబుల నుంచి కమిషన్ తీసుకోవడం 2002 నాటి వైద్యుల ప్రవర్తనా నియమావళి ప్రకారం నిషిద్ధం. అయినా ఫలానా ల్యాబులోనే చేయించాలని పట్టుబడితే కారణమేమిటో అడగండి.

బిల్లులో కనపడని ఖర్చు వేరే. అండం ఎదుగుదల చూసే స్కానింగుకు నెలకు మూడు నాలుగుసార్లు రమ్మంటారు. ప్రతిసారీ ఇద్దరికి బస్సు చార్జీలు, హోటలు భోజనం, పోయిన కూలి లేదా పెట్టిన సెలవు. ప్రైవేటు స్కూల్లో టీచరమ్మకు, షోరూంలో పనిచేసే అమ్మాయికి ఎన్ని సెలవులిస్తారు? ఉద్యోగమే మానేసినవాళ్లున్నారు. మామూలు ఆరోగ్య బీమా పాలసీల్లో సంతానలేమి వైద్యాన్ని మినహాయింపుల జాబితాలో పెట్టడం ఆనవాయితీ. కాబట్టి భారమంతా చేతి డబ్బుమీదే. అదీ చాలా ఇళ్లల్లో ఆవిడ పుట్టింటివారి చేతి డబ్బు. పురుడు పుట్టింటివారిదని పెట్టుకున్న ఆచారాన్ని పురుటికి ముందు ఖర్చుల దాకా సాగదీశారు! బిడ్డ ఇద్దరికీ కావాలి, వంశం పేరు అటువాళ్లది, బిల్లు మాత్రం ఇటువాళ్లదా?

అడగడం నేర్చుకుందాం

ఐవీఎఫ్ వంటి చికిత్సలు చేసే కేంద్రాలకు ఇప్పుడు చట్టం ఉంది. 2021లో పార్లమెంటు ఆమోదించిన ఏఆర్‌టీ చట్టం 2022 జనవరి 25 నుంచి అమల్లోకి వచ్చింది. కేంద్రం రిజిస్టరై ఉండాలి. చికిత్సకు ముందే దానివల్ల లాభమేమిటి, నష్టమేమిటి, ఎంతవుతుంది, ఫలించే అవకాశమెంత, ఒంటికి ముప్పేమిటి అన్నవి జంటకు చెప్పాలి, రాతపూర్వకంగా అంగీకారం తీసుకోవాలి. 2025లో సికింద్రాబాద్‌లోని ఒక కేంద్రం కేసు మనమంతా చదివాం. సరోగసీ బిడ్డ అని అప్పగించిన పసివాడు ఆ దంపతుల బిడ్డే కాదని డీఎన్‌ఏ పరీక్షలో తేలింది. కాబట్టి గోడమీద నవ్వే పాపాయి బొమ్మ చూసి కాదు, రిజిస్ట్రేషన్ పత్రం చూసి లోపలికి అడుగుపెట్టాలి.

ఏ పరీక్ష రాసినా నాలుగు ప్రశ్నలు వేయండి. ఇది ఎందుకు? ఎంతవుతుంది? ఫలితం ఎలా వస్తే ఏం చేస్తారు? ఇప్పుడు చేయించకపోతే ఏమవుతుంది? మూడో ప్రశ్న అన్నిటికంటే ముఖ్యం. ఫలితం ఎలా వచ్చినా చేసే వైద్యం అదే అయితే ఆ పరీక్షతో పనేముంది? అడిగితే విసుక్కునే డాక్టర్లు ఉంటారు. ఓపిగ్గా చెప్పేవాళ్లూ ఉన్నారు. చెప్పేవాళ్లను వెతుక్కోండి.

ప్రభుత్వం చేయాల్సిందీ ఉంది. సికింద్రాబాద్ గాంధీ ఆసుపత్రిలో 2023 అక్టోబరులో సర్కారీ ఐవీఎఫ్ కేంద్రం ప్రారంభించారు. సంతోషమే. కానీ ఐవీఎఫ్ ఆఖరి మెట్టు. మొదటి మెట్టు ప్రతి జిల్లా ఆసుపత్రిలో ఉండాలి. వారానికి ఒకరోజు దంపతుల ఓపీ, ఇద్దరికీ కలిపి ఒకే కార్డు, నమ్మకంగా చేసే వీర్య పరీక్ష, శాంపిల్ ఇవ్వడానికి గడియ ఉన్న శుభ్రమైన గది. ఆ గది లేకే ఎంతోమంది మగవాళ్లు గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోతున్నారు. 2025 నవంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ సంతానలేమిపై తన తొలి మార్గదర్శకాలు విడుదల చేసి, ఈ వైద్యాన్ని దేశాలు తమ మామూలు ఆరోగ్య సేవల్లో కలుపుకోవాలని కోరింది. కోట్లు పెట్టక్కర్లేని పని ఈ మొదటి మెట్టే.

డాక్టర్లకూ ఒక విన్నపం. ఆవిడ ఒంటరిగా వస్తే "వచ్చేసారి మీవారిని తీసుకురండి, ఆయన రిపోర్టు చూశాకే ముందుకెళ్దాం" అని మీరు ఒక్కమాట చెప్పండి. ఇంట్లో కోడలు పదిసార్లు చెప్పినా చెల్లని మాట మీ చీటీమీద ఒక్కసారి రాస్తే చెల్లుతుంది.

ఇక అత్తగార్లు. మీరూ ఒకప్పుడు ఆ "విశేషమా?" అన్న ప్రశ్న భరించినవాళ్లే. కోడల్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలనుకున్న రోజున కొడుకునీ వెంటబెట్టుకెళ్లండి. తల్లి చెబితే వినని కొడుకులు తక్కువ. వదినలు, ఆడపడుచులు, మరదళ్లు కూడా ఆ మాట అందుకోవాలి. భర్తలకు వేరే చెప్పాలా? ఆవిడ కత్తెరా మత్తూ భరించడానికి సిద్ధపడుతోంది. మీరు ఒక డబ్బా పట్టుకుని అరగంట లోపలికి వెళ్లి రాలేరా?

పిల్లలు కలగడం, కలగకపోవడం అన్ని వేళలా మన చేతుల్లో ఉండదు. పరీక్షలన్నీ చేయించినా, వైద్యమంతా చేయించినా కొందరికి ఒడి నిండదు. వాళ్ల బతుకు అంతమాత్రాన తక్కువైపోదు. మన చేతిలో ఉన్నదల్లా వెతుకులాట న్యాయంగా సాగేలా చూడటం. రేపు ఆసుపత్రికి బయల్దేరే జంట ఎవరైనా మీ ఇంట్లో ఉంటే ఫైలు అట్టమీద రెండు పేర్లు రాయండి. అందులో మొదట పెట్టే కాగితం ఆయన రిపోర్టు కానివ్వండి.